అవతలి కొస నుంచి

మా పాప నన్ను అక్కా అంటుంది. మా అమ్మను అమ్మా అంటుంది. తిరుపతిలో మా పక్కింటావిడ ఇది మొదటిసారి విన్నప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా పలమనేరు వైపు ఎవరూ నవ్వరు. బిడ్డ ఏ ఇంట్లో పెరిగితే ఆ ఇంట్లో వినబడే పిలుపునే పట్టుకుంటుంది. ఇంటినిండా ఆడబిడ్డలున్న చోట కన్నతల్లిని వదినా అని పిలిచే పిల్లలున్నారు. పెద్దయ్యాక కూడా ఆ పిలుపు మారదు. ఎవరూ మార్చాలని అనుకోరు.

దీని గురించి రాయడానికి కూర్చుంటే ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. పాప నిద్రపోయింది. మా ఆయన శ్రీ సిటీలో నైట్ షిఫ్టులో ఉన్నారు. రెండు వాక్యాలు రాసి లేచి వెళ్ళి పాప ఛాతీ మీద చెయ్యి వేసి చూసి వస్తున్నాను. మళ్ళీ రెండు వాక్యాలు. ఆ పిల్ల ఊపిరిలో ఈల లాంటి శబ్దం ఉందా లేదా అని వినడం నాకు ఎప్పటి నుంచో ఉన్న పని. ఇప్పుడు ఆ ఈల లేదు. అయినా వింటాను.

నేను పలమనేరులో మా అమ్మ వాళ్ళింట్లో ఉండగా పాప పుట్టింది. ఐదో నెలలో తిరుపతికి తెచ్చుకున్నాం. అది ఎండాకాలం. మేమున్న వీధిలో కొత్త రోడ్డు వేస్తున్నారు. పాపకు ఆయాసం పట్టుకుంది. ఆస్పత్రిలో చిన్న మాస్కు ముక్కుకు పెట్టి ఆవిరి పట్టించేవాళ్ళు. పాప ఆ మాస్కును రెండు చేతులతో తోసేసేది. నేను ఆ చేతులు గట్టిగా పట్టుకునేదాన్ని. డాక్టరు, "చల్లని ఊళ్ళో మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది. పలమనేరు చల్లని ఊరే. ఒక నెల అనుకుని అమ్మ దగ్గర వదిలి వచ్చాను. అప్పటికి నా సెలవు కూడా అయిపోయింది. ఆ నెల పోయి వానలు వచ్చాయి. చలి వచ్చింది. పాపకు ఆయాసం తగ్గింది. తగ్గింది కదా, కదిలించడమెందుకు అని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

శనివారం ఆఫీసు కాగానే బస్సెక్కేదాన్ని. చిత్తూరు దాటాక మొగిలి కనుమ ఎక్కుతుంటే చెవులు మూసుకుపోతాయి. పైకి చేరేసరికి కిటికీలోంచి చల్లగాలి వస్తుంది. పాప పీల్చే గాలి ఇది అనుకునేదాన్ని. అంతకంటే ఎక్కువ ఏమీ అనుకునేదాన్ని కాదు.

పాప నన్ను అక్కా అని మొదటిసారి పిలిచింది అక్కడే, ఒక ఆదివారం పొద్దున. మా తమ్ముడు పాలక్యాన్లు బండికి కట్టుకుంటూ, "అక్కా, టీ తాగినావా?" అని గట్టిగా అడిగాడు. వసారాలో కూర్చున్న పాప వాడి వైపు చూసి, నా వైపు తిరిగి, అదే గొంతుతో "అక్కా!" అంది. మా తమ్ముడు క్యాను వదిలేసి నవ్వాడు.

"బాగుండాది కథ. అమ్మను అమ్మా అంటాది, నిన్ను అక్కా అంటాది. ఇంగ ఇది నాకు చెల్లెలైపోయినట్టే. ఉన్న ఒక్క మేనకోడలూ పాయె."

"గమ్మునుండరా," అన్నాడు నాయన. ఆయన గోడకు ఆనుకుని చెనిక్కాయలు వొలుస్తున్నాడు. "నేను మాయమ్మను అక్కా అనే పిల్సినా. మా సిన్నాయనోళ్ళు అట్ల పిల్చేది విని నాకూ అదే వచ్చినాది. సచ్చేదాకా ఆమె పలికినాది. నేను కొడుకు గాకుండా పోయినానా?"

"నీ కథ వేరే," అంది అమ్మ లోపల్నుంచి. "ఆయమ్మ ఇంట్లోనే ఉన్నింది."

అమ్మ బయటికి వచ్చి నా ముఖం చూసి, పేడ తీయాలని చెప్పి పశువుల కొట్టం వైపు వెళ్ళింది. పేడ పొద్దున్నే తీసేసింది. నాకు తెలుసు. నేను నాయన పక్కన కూర్చుని కాయలు వొలిచాను. పాప ఒక్కో గింజా తీసుకుని తాత నోట్లో పెట్టింది. నా నోట్లో కూడా ఒకటి పెట్టింది. ఇంటికి వచ్చిన చుట్టాలెవరికైనా పెట్టినట్టే పెట్టింది.

తిరుపతికి బయలుదేరడం ఆదివారం మధ్యాహ్నం జరిగేది. దానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బిడ్డ చూస్తుండగా పోకూడదు. చెప్పి పోకూడదు. పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. మా అమ్మ నన్ను మా అవ్వ దగ్గర వదిలి చెరుకు పనికి పోయినప్పుడు కూడా అట్లాగే పోయేదట. నాకు గుర్తులేదు. గుర్తు లేకపోవడమే ఆ పద్ధతి మంచిదనడానికి సాక్ష్యమని అమ్మ చెప్పేది.

నాకొక నీలం బ్యాగు ఉంది. కొన్ని వారాలకే పాప ఆ బ్యాగును గుర్తుపట్టింది. అది గోడ మేకు నుంచి కిందికి దిగితే చాలు, వచ్చి నా కాళ్ళు చుట్టుకునేది. అందుకని మా తమ్ముడు దాన్ని ముందుగానే పాలక్యాన్ల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళి బస్టాండు దగ్గర టీకొట్టులో ఇచ్చి వచ్చేవాడు. అమ్మ పాపను ఎత్తుకుని, "దూడ సూడు, దూడ ఏం జేస్తాండాది సూడు," అంటూ కొట్టంలోకి తీసుకెళ్ళేది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి వాకిట్లోంచి బయటపడేదాన్ని. వీధి మలుపు తిరిగాక చెప్పులు తొడుక్కునేదాన్ని. టీకొట్టాయన బ్యాగు అందిస్తూ, "కంటబడకుండా వచ్చినావామ్మా?" అని అడిగేవాడు. వచ్చినా అనేదాన్ని. ఆయన సంతోషంగా తల ఊపేవాడు.

తర్వాతి శనివారం నేను పోయేసరికి పాప నన్ను ఎరగనట్టు చూసేది కాదు. అట్లా చూసి ఉంటే నాకు ఇంకోలా ఉండేదేమో. నవ్వేది. "అక్క వచ్చినాది," అని లోపలికి వార్త మోసేది. రాత్రికి అమ్మ పక్కలో పడుకునేది. నేను మంచం మీద ఒక్కదాన్నే పడుకుని, ఊపిరి వినడానికి చెవులు పెట్టేదాన్ని. రెండు ఊపిర్లు వినబడేవి. అందులో పాపది ఏదో కనిపెట్టడానికి కొంచెం సేపు పట్టేది.

నా ఉద్యోగం గురించి చెప్పాలి. మా ఆఫీసు రేణిగుంట రోడ్డులో, మోటారు సామాన్ల అంగడి మీద మిద్దెలో ఉంది. పిల్లలకు సెల్‌ఫోన్లో చూసే పాఠాలు తయారు చేస్తాం. బొమ్మలు గీసేవాళ్ళు వేరు, గొంతు ఇచ్చేవాళ్ళు వేరు. బొమ్మ కింద ఒక లైను ఇంగ్లిష్ రాయడం నా పని. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ నాకు ఇంట్లో వచ్చిన భాష కాదు కాబట్టి ఒక్కో మాటా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి పెడతాను. ఆ నిదానం ఆఫీసులో కొందరికి విసుగు. కానీ నేను పెట్టిన లైను మళ్ళీ దిద్దాల్సిన పని ఉండదని వాళ్ళే అంటారు.

పాపకు రెండేళ్ళు నిండబోతున్నప్పుడు నాకు ఇచ్చింది సంబంధాల పాఠం. లెక్కల్లో సంబంధం అంటే రెండు గుంపుల మధ్య బాణాలు. పిల్లలకు తెలియాలని మా బొమ్మలు గీసేవాళ్ళు ఎడమ వైపు ఒక ఆడమనిషిని, కుడి వైపు ఒక చిన్న పిల్లను గీశారు. ఆడమనిషి నుంచి పిల్లకు బాణం. దాని మీద ఈజ్ మదర్ ఆఫ్. తర్వాతి బొమ్మలో అదే బాణం వెనక్కి తిరుగుతుంది. పిల్ల నుంచి ఆడమనిషికి. ఈజ్ డాటర్ ఆఫ్. ఆ తర్వాత అదే తిరుగుడు అమ్మేవాడికీ కొనేవాడికీ, టీచరుకూ పిల్లలకూ, రెట్టింపుకూ సగానికీ వస్తుంది. అన్నిటి కిందా సరిపోయేలా ఒకే లైను కావాలి. తిరగబడిన సంబంధాన్ని చెప్పే పొట్టి ఇంగ్లిష్ మాట.

మా టీమ్ లీడ్ నాకంటే చిన్నది. ఆమె కూడా నన్ను అక్కా అంటుంది. ఆఫీసులో అందరికీ నేను అక్కనే. పెళ్ళయి బిడ్డ ఉన్నదాన్ని ఈ ఊళ్ళో ఇంకేమంటారు.

"అక్కా, నువ్వు రాసిండేది యాడ పడతాది? సెల్లులో రెండో లైనుకు పోతాండాది సూడు."

"ఎన్ని మాటలు ఉండొచ్చు?"

"నాలుగు. ఐదోది కనబడితే పిల్లకాయలు వేలితో తోసి పారేస్తారు."

నేను మొదట రాసింది పుస్తకం మాట. ది ఇన్వర్స్ ఆఫ్ ద గివెన్ రిలేషన్, ఇచ్చిన సంబంధానికి విలోమం. అది నాలుగు కాదు. వైస్ వెర్సా అని పెట్టాను. రెండే మాటలు. ఆమె తెర దగ్గరికి వంగి చదివింది.

"ఇది పెడితే ఏమైతాదో తెలుసునా? ఈమె ఆ పిల్లకు తల్లి, అట్లే ఆ పిల్ల ఈమెకు తల్లి అని అర్థమొస్తాది కదక్కా." ఆమెకు నవ్వొచ్చింది. "మాయవ్వయితే ఒప్పుకుంటాది. నన్ను 'మాయమ్మ మళ్ళా పుట్టినాది' అనే అంటాది. కానీ పరీక్షలో మార్కులు రావు."

నేను కూడా నవ్వాను. నవ్వాల్సిన చోట నవ్వడం నాకు బాగా వచ్చు.

ది అదర్ వే రౌండ్ రాశాను. లెక్క ప్రకారం నాలుగు మాటలు. కానీ దాన్ని చదివితే ముందు చెప్పింది తప్పు, అసలు సంగతి దీనికి ఎదురుగా ఉంది అన్నట్టు వినబడుతుంది. తల్లి అనుకున్నది తల్లి కాదు, పిల్ల. కొట్టేశాను. రోల్స్ రివర్స్‌డ్ రాశాను. ఇది ఇంకా పొట్టి, వినడానికి బాగుంది, బొమ్మలు గీసే అబ్బాయికి కూడా నచ్చింది. కానీ అందులో మనుషులు కుర్చీలు మార్చుకుంటారు. తల్లి పోయి పిల్ల స్థానంలో కూర్చుంటుంది. మా బొమ్మలో అట్లా ఎవరూ లేవలేదు. ఆడమనిషి ఎక్కడుందో అక్కడే ఉంది. పిల్ల అక్కడే ఉంది. మనం మాత్రం అటు నుంచి చదువుతున్నాం.

ఆ రెండింటికీ తేడా నాకు ఆ మధ్యాహ్నం బాగా స్పష్టంగా తెలిసింది. మనుషులు తారుమారు కావడం ఒకటి. మనుషులు అట్లే ఉండి, చదివే వైపు మారడం ఇంకొకటి. ఇంగ్లిష్‌లో రెండింటికీ పొట్టి మాటలున్నాయి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే బొమ్మ అబద్ధమవుతుంది. పలమనేరు ఇంట్లో జరిగింది వీటిలో ఏది అని అడుక్కున్నాను. నేను కుర్చీ వదిలేసి వచ్చానా, లేక అక్కడే ఉన్నానా? లెక్క అయితే చెప్పగలిగేదాన్ని. మెడ నొప్పిగా ఉందని లేచి టీ తాగి వచ్చాను.

ఆ రోజు లైను తేలలేదు. వేరే పాఠాలు చేశాను.

ఆ తర్వాతి వేసవి చివర్లో మా ఆయన, "జూన్‌లో నర్సరీలో వేయాలి. పాపను తెచ్చుకుందాం," అన్నారు. వీధిలో రోడ్డు ఎప్పుడో పూర్తయింది. దుమ్ము లేదు. డాక్టరు కూడా తెచ్చుకోవచ్చు అంది. మా వీధి చివరే ఒక ప్లే స్కూలు ఉంది. సాయంత్రం దాకా ఉంచుకుంటారు. అన్నీ సరిపోయాయి. మిగిలింది పాప నా దగ్గర ఉంటుందా లేదా అన్నదొక్కటే. దాన్ని ఎవరూ అడగలేదు. నేనూ నోటితో అనలేదు. పాప రాకపోతే, వచ్చి ఉండకపోతే, మళ్ళీ ఆయాసం పట్టుకుంటే, పలమనేరుకే తిరిగి పంపాల్సి వస్తే, ఆ తర్వాత ఇక నేను నిజంగానే అక్కను. ఇది నా లోపల రోజూ తిరిగేది, ఫ్యాన్ తిరిగినట్టు. వినీ వినీ వినబడకుండా పోయింది.

అమ్మే పాపను వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. ఒక చేతిలో వైరు బుట్ట, ఒక చంకలో పాప. కనుమలో పాప వాంతి చేసుకుందట. అమ్మ చీర కుచ్చిళ్ళంతా పెరుగన్నం వాసన. కొన్నాళ్ళు ఉండి, పాప అలవాటు పడ్డాక పోతానంది.

ఆ కొన్నాళ్ళూ నేను అమ్మ దగ్గర పని నేర్చుకున్నాను. పాపకు ముద్దలు ఎంత చిన్నగా చేయాలో, ప్రతి ముద్దకూ ఒక పేరు చెప్పాలని, దూడ పేరు చెప్పిన ముద్ద ఆఖర్న పెట్టాలని, లేకపోతే ముందే అడుగుతుందని. నీళ్ళు తల మీద పోసేటప్పుడు ముందుగా చెప్పి పోయాలని. నిద్రకు ముందు వీపు మీద కాదు, అరికాలి మీద చెయ్యి వేసి రుద్దాలని.

"అంత గట్టిగా కాదుమే. సీమను తోలినట్టు. ఇట్ల."

చీమను తోలినట్టు రుద్దాను. పాప కాలు లాక్కుంది. "అమ్మ," అంది, అమ్మ వైపు చెయ్యి చాపి.

అమ్మ పాపకు నన్ను చూపించి, "ఇదో, ఈమె అమ్మ. నేను అవ్వను. అమ్మ అను," అనేది. పాప నా ముఖం చూసి, అమ్మ ముఖం చూసి, ఆట అనుకుని నవ్వేది. "నువ్వు అమ్మ. ఇది అక్క." మళ్ళీ చెప్పమనేది. మళ్ళీ నవ్వేది.

ఒకరోజు సాయంత్రం అమ్మ వేరే దారి పట్టింది. అంట్లు తోముతూ కూర్చుంది. పాప లోపల్నుంచి "అమ్మా" అని పిలిచింది. అమ్మ పలకలేదు. మళ్ళీ పిలిచింది. అమ్మ గిన్నె తోముతూనే ఉంది. అదే గిన్నె. నేను గడపలో నిలబడి ఉన్నాను. పాప వచ్చి అమ్మ వీపు మీద రెండు చేతులూ వేసి పిలిచింది. పలకలేదు. అప్పుడు పాప అటు చుట్టూ తిరిగి వెళ్ళి, వంగి, అమ్మ గడ్డం కింది నుంచి ముఖంలోకి చూసింది. అమ్మకు వినబడలేదేమో, ఏమైనా అయిందేమో అన్నట్టు చూసింది. "అమ్మా?" అంది మెల్లగా.

అమ్మ గిన్నె వదిలేసింది. "ఏంమ్మా," అంది. "ఏం నాయనా, ఏం కావాల నీకు." సబ్బు చేతులతోనే ఎత్తుకుంది.

"వద్దులేమ్మా," అన్నాను నేను. "ఎట్ల పిలిస్తే అట్ల పిలవనీ."

"నీ కోసమే కదమే," అంది అమ్మ. కోపంగా అంది. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదు.

అమ్మ తిరిగి పోయే రోజు మేమిద్దరం పొద్దున్నే వంటింట్లో గుసగుసగా మాట్లాడుకున్నాం.

"మాపటేల రైలొచ్చే పొద్దుకు నువ్వు మిద్దె మీదికి ఎత్తకపో. రైలు సూపించు. నేను పోతా."

"చెప్పి పోవచ్చు కదమ్మా ఈసారికి."

"సెప్తే పోనిస్తాదా? నువ్వెప్పుడన్నా సెప్పి పోయినావా?"

తప్పుపట్టి అనలేదు. నిజంగా అడిగింది. నేను లేదన్నాను.

మధ్యాహ్నం పాప నిద్రపోతున్నప్పుడు అమ్మ వైరు బుట్టను నేనే తీసుకెళ్ళి కింద ఇంటి ఓనరుగారి గుమ్మం పక్కన దాచి వచ్చాను. పాప లేచాక పాలు తాగించి మిద్దె మీదికి ఎత్తుకెళ్ళాను. పడమటి ఎండ. ఎదురుగా కొండ. రైలు పట్టాలు అటువైపు, వీధి ఇటువైపు. పాపను పట్టాల వైపు తిప్పి, నా ఒంటితో వీధిని కప్పి నిలబడ్డాను. రైలు రాలేదు.

"రైలేది అక్కా?"

"వస్తాది. చూస్తూ ఉండు."

నేను తల తిప్పి వీధి చూశాను. అమ్మ బయటికి వచ్చింది. చేతిలో బుట్ట, ఇంకో చేతిలో చెప్పులు. చప్పుడు కాకూడదని ఆ కాలే సిమెంటు రోడ్డు మీద వట్టి కాళ్ళతో గబగబా నడుస్తోంది. మలుపు దగ్గర ఆగింది. చెప్పులు కింద వేసి ఒక్కోటీ తొడుక్కుంది. నేను పలమనేరులో నిలబడే చోటు లాంటిదే ఆ మలుపు. అట్లా నిలబడ్డ మనిషి ఇంట్లో వాళ్ళకు ఎట్లా కనబడుతుందో నాకు ఎప్పుడూ తెలియదు. ఇప్పుడు తెలిసింది. చాలా చిన్నగా కనబడుతుంది.

తిరిగి చూడకూడదని నాకు నేర్పిన మనిషి తిరిగి చూసింది. నా రెండు చేతుల్లో పాప ఉంది. చెయ్యి ఊపలేకపోయాను. అమ్మ మలుపు తిరిగింది. తర్వాత గూడ్సు బండి ఒకటి వచ్చింది. పాప చప్పట్లు కొట్టింది.

కిందికి వచ్చాక పాప వంటింట్లో చూసింది. బాత్రూమ్‌లో చూసింది. తలుపు వెనక చూసింది. ఏడవలేదు. మంచం కింద వంగి చూసింది. వైరు బుట్ట ఉండే చోటికి వెళ్ళి, అక్కడ బుట్ట లేకపోవడం చూసి, కాసేపు నిలబడింది. అప్పుడు ఏడ్చింది. పెద్దగా, చాలా సేపు. నేను ఎత్తుకుంటే జారిపోయింది. నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను ఎదురుగా కూర్చున్నాను. నాకు ఏమీ అనిపించలేదు. ప్రతి ఏడుపు తర్వాతా లోపలికి పీల్చే ఊపిరిలో ఈల ఉందా అని మాత్రం విన్నాను. లేదు. మళ్ళీ విన్నాను. లేదు.

ఏడుపు అయిపోయాక పాప నన్ను అడిగింది.

"నువ్వెప్పుడు పోతావక్కా?"

"నేను పోను. ఇది నా ఇల్లు."

నమ్మలేదు. నా ముఖం చూస్తే తెలుస్తుందేమోనని చూసింది. తర్వాత గోడల మీద మేకులన్నీ చూసింది.

"బ్యాగు యాడుండాది?"

నీలం బ్యాగు బీరువా మీద ఉంది. చూపించాను. దించమంది. దించి ఇచ్చాను. పాప దాన్ని రెండు చేతులతో లాక్కుంటూ గది మధ్యకు తెచ్చి, దాని మీద కూర్చుంది. అన్నం అక్కడే తింది. దూడ ముద్ద ఆఖర్నే పెట్టాను. నిద్ర వచ్చాక బ్యాగు పట్టీని చేతికి చుట్టుకుని దాని మీదే తల పెట్టుకుంది. నేను అరికాలి మీద చెయ్యి వేసి చీమను తోలినట్టు రుద్దాను. కాలు లాక్కోలేదు.

మరుసటి పొద్దున అమ్మకు ఫోన్ చేశాను. నేను "అమ్మా" అన్నాను. పాప నా చేతిలోంచి ఫోన్ లాగి "అమ్మా" అంది. అవతల్నుంచి "ఏంమ్మా" అని ఒక్కటే జవాబు వచ్చింది. ఇద్దరిలో ఎవరికో తెలియలేదు. ఇద్దరం ఊఁ కొట్టాం.

ప్లే స్కూలులో మొదటి రోజు ఆయా నాతో, "ఏమార్చి ఈ పక్కనుంచి ఎల్లిపోమ్మా. బొమ్మలు సూపిస్తాను. అందరూ అట్లే పోతారు," అంది. ఆమెకు తెలిసిన పద్ధతి అది. నాకూ అదే తెలుసు. పక్క వాకిలి తెరిచే ఉంది. నేను అటు రెండడుగులు వేశాను కూడా. చెప్పులు విప్పలేదు. మళ్ళీ వెనక్కి వచ్చి పాప ముందు కూర్చున్నాను.

"నేను ఆఫీసుకు పోతాండా. మాపటికి వస్తా."

పాప నా భుజం మీది నీలం బ్యాగు వైపు చూసింది. నేను అందులోంచి టిఫిన్ డబ్బా, సెల్‌ఫోన్, పర్సు తీసి అంగడి కవర్లో వేసుకున్నాను. ఖాళీ బ్యాగు పాప చేతికి ఇచ్చాను. పాప చూస్తుండగా ముందు వాకిట్లోంచి నడిచాను. గేటు దగ్గర తిరిగి చూశాను. ఏడుస్తోంది. నేను పోవడం పాప చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు ఆఫీసులో సంబంధాల పాఠం మళ్ళీ తీశాను. ఫ్రమ్ ది అదర్ ఎండ్ అని రాశాను. అవతలి కొస నుంచి. నాలుగు మాటలు. తల్లీ పిల్లా ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. బాణం తిరిగింది. అమ్మేవాడికి పెట్టి చూశాను, టీచరుకు పెట్టి చూశాను, సగానికి పెట్టి చూశాను. అన్నిటికీ సరిపోయింది.

"ఇదేదో బాగుండాదక్కా," అంది టీమ్ లీడ్. "ఇన్ని నెలలు యాడ దాచి పెట్టినావు?"

బ్యాగుకు బదులు కవర్ ఎందుకు తెచ్చుకున్నావని కూడా అడిగింది. జిప్పు పాడైందని చెప్పాను.

సాయంత్రం నేను ప్లే స్కూలుకు వెళ్ళేసరికి పాప బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నేనే వెళ్ళి ఇద్దరినీ, పాపనూ బ్యాగునూ, ఎత్తుకుని వచ్చాను. తర్వాతి రోజూ అంతే. పొద్దున ఏడుపు, సాయంత్రం ఒళ్ళో బ్యాగు. ఆదివారాలు మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా బ్యాగు పాప పక్కనే ఉండేది. ఆయన ఒకసారి దాన్ని ఉతుకుదామన్నారు. వద్దన్నాను. రోజూ కవర్లోనే డబ్బా పెట్టుకుని ఆఫీసుకు పోయాను. రోజూ చెప్పి పోయాను. రోజూ తిరిగి చూశాను.

నిన్న సాయంత్రం వాన పడింది. ప్లే స్కూలు వరండాలో నీళ్ళు నిలబడ్డాయి. ఆయా గుమ్మంలో నిలబడి, నన్ను చూసి, లోపలికి కేకేసింది.

"పాపా, మీయమ్మ వచ్చినాది సూడు."

పాప లోపల్నుంచి వచ్చింది. "అమ్మ కాదు. అమ్మ పలమనేర్లో ఉండాది. మాయక్క వచ్చినాది," అంది. ఆయాకు తెలియని సంగతి నిదానంగా చెప్పినట్టు చెప్పింది.

ఆయా ఇబ్బందిగా నా వైపు చూసింది. నేను సరిదిద్దుతానని ఎదురు చూసింది.

"ఆఁ, అక్కనే," అన్నాను.

పాప మళ్ళీ లోపలికి పోయింది. బ్యాగును ఈడ్చుకుంటూ వచ్చింది. గుమ్మం దగ్గర నీళ్ళున్నాయని ఆగి, దాన్ని రెండు చేతులతో తల మీదికి ఎత్తి, నాకు ఇచ్చింది. నేను తీసుకుని భుజానికి వేసుకున్నాను. పాప బ్యాగు వైపు చూడలేదు. చెప్పులు తొడుక్కోవడానికి నా కాలు పట్టుకుని నిలబడింది.